ఆన్‌లైన్ సభలో లైవ్ చాట్: సాహిత్య సభలు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక, నెలనెలా హాల్లో జరిగే మా పద్య సభ ఫోన్ తెర మీదికి వచ్చింది. ఆ రోజు నుంచి సభలో నా పని చాట్ చూడడం. ఇన్నేళ్లలో కొత్తగా ఆన్‌లైన్ సభ పెట్టుకునే మిత్రులు ఫోన్ చేసి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతిసారీ కొత్తగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు ఏ ప్రశ్న కావాలో దాన్నే చదువుకోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## సభ పెట్టాలనుకున్నప్పుడు

లైవ్ చాట్ అసలు ఎందుకండీ? ఉపన్యాసం రికార్డు చేసి వీడియో పెడితే సరిపోదా?

విషయం తెలిస్తే చాలనుకుంటే సరిపోతుంది. సభ కావాలంటే సరిపోదు.

మా నాయనమ్మ కథ చెబుతున్నప్పుడు మేం ఊకొట్టడం ఆపితే తనూ ఆపేసేది. "నిద్రపోయారా?" అని అడిగేది. ఊ వినబడకపోతే ఆమెకు కథ ముందుకు సాగేది కాదు. మన కళలన్నిటికీ ఆ ఊ కావాలి. బుర్రకథలో కథకుడికి చెరో పక్కన వంతలు నిలబడి, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలుకుతారు. మధ్యలో ప్రశ్నలు వేసి కథకుడి చేత విడమరిచి చెప్పిస్తారు. హరిదాసుగారు జనం చేత గోవింద కొట్టించనిదే కథలోకి వెళ్లరు. పద్యనాటకంలో రాగం నచ్చితే "వన్స్ మోర్" అని కేక పడేది, నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు.

జూమ్‌లో అందరి మైకులూ మ్యూట్‌లో ఉంటాయి. యూట్యూబ్‌లో అయితే ఎదుట మనిషే కనిపించడు. చాలామంది మంచి వక్తలు అక్కడ డీలా పడిపోవడం చూశాను. వాళ్లకు ఊ దొరకలేదు, అంతే. చాట్ ఆ ఊను వెనక్కి తెస్తుంది. అయితే అది వక్త చెవిన పడాలి. తెర పక్కన ఎన్ని వందల మెసేజ్‌లు పరిగెత్తినా, వక్త వాటిలో ఒక్కటీ వినకుండా సభ ముగిస్తే ఆ చాట్ ఉండీ లేనట్టే.

యూట్యూబా, ఫేస్‌బుక్కా, జూమా? చాట్ ఎక్కడ పెట్టుకోవాలి?

వక్తలూ, అవధానంలో ప్రశ్నలు వేసే పృచ్ఛకులూ జూమ్‌లో కూర్చుని, దాన్నే యూట్యూబ్‌కు ప్రసారం చేయడం మా పద్ధతి. చాట్ ఒక్క యూట్యూబ్‌లోనే తెరుస్తాం. రెండు మూడు చోట్ల చాట్లు తెరిస్తే ఒకచోట అడిగిన ప్రశ్నకు ఇంకోచోట జవాబు వస్తుంది, ఎవరికీ ఏమీ అందదు.

జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది, 100 మంది కంటే ఎక్కువ పట్టరు. పైగా ఆలస్యంగా వచ్చినవాళ్లకు అంతకుముందు జరిగిన చాట్ మామూలుగా కనిపించదు. పదిమంది కూర్చుని చదువుకునే గోష్ఠికి మాత్రం జూమే హాయి.

ఫేస్‌బుక్‌లో పెద్దవయసు వాళ్లు ఎక్కువ, మొహమాటం లేకుండా రాస్తారు. కానీ 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి, దించుకోకపోతే పోతాయి. పాత సభలు మళ్లీ చూసుకోవాలనుకునే సంస్థలకు ఇది పెద్ద నష్టం.

2021 మేలో ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చాక క్లబ్‌హౌస్‌లో తెలుగు గదులు రాత్రి తెల్లవార్లూ నడిచాయి. అక్కడ మాటే చాట్. చర్చకు అది బాగుంది, పద్యాన్ని కళ్లతో చూడాలనుకునేవాళ్లకు చాలలేదు.

మాకు వచ్చేది యాభై అరవై మందే. అంత తక్కువ మందికి చాట్ దండగ కాదా?

అసలు చాట్ పండేది అక్కడే. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతున్నప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. నేనూ చాట్ తెరిచే చూశాను. ఒక్క వాక్యం కూడా చదవలేకపోయాను, జెండాలూ దండాలూ జలపాతంలా జారిపోతూనే ఉన్నాయి. ఆ క్షణానికి అది చాలు. దేశమంతా ఒక్క ఊపిరి బిగబట్టిందని తెలియడమే అక్కడ చాట్ ఇచ్చిన విలువ.

అరవై మంది ఉన్న సభలో ప్రతి వాక్యమూ చదవగలం. రాసినవారి పేరు పలికి జవాబు చెప్పగలం. "విజయనగరం నుంచి అడుగుతున్నారు" అని సభ నడిపే సంచాలకుడు అనగానే ఆ మనిషి ముందు వరుసలో కూర్చున్నట్టే. మీ అరవై మందిని చూసి చిన్నబోకండి.

అమెరికా, ఆస్ట్రేలియా తెలుగువాళ్లు కూడా చాట్‌లో ఉండాలంటే ఏ టైము మంచిది?

అందరికీ కుదిరే టైము లేదు. ఎవర్ని వదులుకోవాలో తేల్చుకోవాలి, అంతే.

మన సాయంత్రం 6:30 అంటే వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 9, డాలస్‌లో 8, కాలిఫోర్నియాలో 6 గంటలు. లండన్‌లో మధ్యాహ్నం 2, సింగపూర్‌లో రాత్రి 9, మెల్‌బోర్న్‌లో 11. కాలిఫోర్నియా వాళ్లు లేవరు, మెల్‌బోర్న్ వాళ్లు నిద్రకు జోగుతుంటారు, మిగతావాళ్లు బాగా రాస్తారు. మన ఆదివారం ఉదయం 7:30కి పెడితే అమెరికాలో శనివారం రాత్రి. డాలస్‌లో 9, కాలిఫోర్నియాలో 7. భోజనాలు అయ్యాక తీరిగ్గా కూర్చుంటారు. చాట్ జోరు మాకు ఈ టైములోనే ఎక్కువ.

ఇక్కడో చిక్కుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. ఆ వారాల్లో ఆహ్వాన పత్రిక మీద రెండు దేశాల టైములూ కొత్తగా లెక్కకట్టి వేయండి. పాత పత్రికలో తేదీ మాత్రం మార్చి పంపితే సగం మంది గంట తేడాతో వస్తారు.

హ్యాష్‌ట్యాగ్ తెలుగులో పెట్టుకోవచ్చా?

నిక్షేపంగా పెట్టుకోవచ్చు. 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా ట్విటర్‌లో # గుర్తుతో ఒక విషయం మీది మాటలన్నీ ఒకచోట చేర్చుకోవచ్చని సూచించాడు. ఇప్పుడు తెలుగు అక్షరాల ముందు పెట్టినా పనిచేస్తుంది. మాటల మధ్య ఖాళీ వదలకూడదు.

పేరు ఎంచుకునేటప్పుడు మధ్యలో పొల్లు వచ్చే మాటలు వద్దు. "ఆన్‌లైన్" అని ఒకరు, "ఆన్లైన్" అని ఇంకొకరు కొడతారు. చూడ్డానికి ఒకటే పదం, యంత్రానికి రెండు వేరు పదాలు. మాటలు రెండు కుప్పలుగా చీలిపోతాయి. #పద్యసాయంత్రం లాంటివి క్షేమం. నిజానికి నెలవారీ చిన్న సభకు హ్యాష్‌ట్యాగ్ పెద్దగా ఉపయోగపడదు. రెండు మూడు రోజులు జరిగే ఉత్సవానికి, పలు చోట్ల నుంచి మాట్లాడుకునేవాటికి అవసరం.

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ పెడుతున్నాం. ముందే చూసుకోవాల్సినవి ఏమిటి?

కొత్త ఛానల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, కాబట్టి ముందురోజుకు పెట్టుకోవద్దు. ఫోన్ నుంచి నేరుగా లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్ నుంచి ఇస్తే ఆ నిబంధన లేదు. బాలల పద్య పోటీ పెట్టి, అది పిల్లల కోసం చేసిన వీడియో అని గుర్తు పెడితే చాట్ పూర్తిగా మూతపడుతుంది.

## సభకు మనుషుల్ని సిద్ధం చేసేటప్పుడు

చాట్ చూడడానికి ఎంతమంది కావాలి? ఎలాంటివాళ్లు?

వందమంది లోపు సభకు ఇద్దరు. ఒకరు గొడవలూ స్పామూ చూసుకుంటారు. రెండోవారు ప్రశ్నల్లోంచి మంచివి ఏరి సంచాలకుడికి అందిస్తారు. మొదటి పనికి ఫోన్ చురుగ్గా వాడే కుర్రవాళ్లు చాలు. రెండో పనికి విషయం తెలిసినవాళ్లు కావాలి. యతి అంటే ఏమిటో తెలియని మనిషికి పద్య సభ చాట్‌లో ఏ ప్రశ్న బరువైనదో తెలియదు. సాంకేతికం తెలుసుకదా అని రెండో పని కూడా కుర్రవాళ్లకే అప్పజెప్పడం చాలా సంస్థలు చేసే పొరపాటు.

చాట్ చూసే మోడరేటర్ తన తెర మీద చాట్ పైన ఉండే మెనూ తప్పకుండా మార్చుకోవాలి. యూట్యూబ్ మొదట చూపించేది "టాప్ చాట్". అందులో కొన్ని మెసేజ్‌లు జల్లెడ పట్టి వదిలేస్తుంది. "లైవ్ చాట్" ఎంచుకుంటేనే అన్నీ కనిపిస్తాయి. ఈ సంగతి తెలియక మేం మొదటి సంవత్సరం ఎన్ని ప్రశ్నలు చూడకుండా పోగొట్టుకున్నామో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వక్తే చాట్ చూసుకుంటూ మాట్లాడితే బాగుంటుంది కదా?

వద్దండీ. వాక్యం మధ్యలో కళ్లు పక్కకు పోతాయి, ఆలోచన తెగుతుంది. ఎనిమిది మంది పృచ్ఛకుల ప్రశ్నలకు ఒకే సభలో ఆశువుగా జవాబు చెప్పే అవధానిగారికైతే చాట్ అసలు కనిపించకూడదు. ఆయన ధారణలో ఎనిమిది దారాలు పట్టుకుని ఉంటారు. పైగా చూసేవాళ్లు చాట్‌లో ఇచ్చిన సమస్యలకు తమ పద్యాలు (పూరణలు) రాస్తుంటారు, అవి ఆయన కంట పడితే అవధానానికే మచ్చ. చాట్‌కూ వక్తకూ మధ్య ఒక మనిషి ఉండాలి.

మా వక్తగారు పెద్దాయన. చాట్ అంటేనే చిరాకు పడుతున్నారు. ఎలా ఒప్పించాలి?

చాట్ అనే మాటే ఎత్తకండి. "మాస్టారూ, ఇరవై నిమిషాలకోసారి ఆగుతాం, శ్రోతలు అడిగినవి రెండు చదువుతాను, మీరు చెప్పండి" అనండి. ఆకాశవాణిలో సమస్యాపూరణ కార్యక్రమానికి శ్రోతలు కార్డుల మీద పూరణలు రాసి పంపితే చదివి వినిపించేవారు. ఆ కార్డు కోసం ఎదురుచూసిన తరం వాళ్లది. అదే ఇప్పుడు కార్డు లేకుండా, వారం ఆగకుండా వస్తోందని చెబితే ఇట్టే పట్టుకుంటారు. మొదటిసారి బాగా కఠినమైన ప్రశ్న కాకుండా, ఆయన పద్యం మీద మనసారా రాసిన మాట ఒకటి చదవండి. తర్వాత ఆయనే "ఏమంటున్నారండీ జనం?" అని అడుగుతారు.

## సభ నడుస్తుండగా

చాట్ నిండా "నమస్కారం", దండం బొమ్మలే. అసలు మాట ఎలా మొదలవుతుంది?

నమస్కారాలను తక్కువ చేయకండి. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి పలకరింపు అది. అక్కడితో ఆగిపోతే తప్పు మనది, వాళ్లకు చేయడానికి పని ఇవ్వలేదు.

"మీ అభిప్రాయాలు తెలపండి" అంటే ఎవరూ తెలపరు. చేతికి చిన్న పని ఇవ్వాలి. అష్టావధానంలో ఇలాంటివి కావలసినన్ని ఉన్నాయి. నిషిద్ధాక్షరి నడుస్తుంటే పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం నిషేధిస్తాడో చూసేవాళ్లు ఊహించి రాస్తారు. ఘంటాగణనంలో గంటలు తామూ లెక్కపెట్టుకుని, అవధాని సంఖ్య చెప్పాక తమది సరిపోయిందో లేదో రాస్తారు. సమస్య ఇచ్చిన వెంటనే దాన్ని చాట్ పైన పిన్ చేస్తే, అవధాని నాలుగు ఆవృత్తాలు (చుట్లు) పూర్తి చేసేలోపు ముగ్గురు నలుగురైనా పూరణలు పంపుతారు.

ఒకసారి దత్తపదిలో ఫోను, నెట్టు, ఛార్జి, డేటా అనే మాటలిచ్చి సీతాకల్యాణం చెప్పమన్నారు. అవధానిగారు పద్యం ముగించాక, చాట్‌లో ఒక చెల్లెమ్మ రాసిన పూరణ సంచాలకుడికి అందించాను. వాల్మీకి బాలకాండలో శివధనుస్సు ఉన్న ఎనిమిది చక్రాల పెట్టెను ఐదు వేల మంది లాక్కొస్తారు. ఆమె "నెట్టు"ను ఆ పెట్టె దగ్గర వాడింది, అందరూ కలిసి నెట్టుకొచ్చిన విల్లుగా. అవధానిగారు రెండుసార్లు చదివించుకుని "అమ్మా, ఇది నాకు తట్టలేదు" అన్నారు. ఆమె ఎప్పుడూ ఏ వేదికా ఎక్కని మనిషి. ఆ తర్వాత మా సభల్లో పృచ్ఛకురాలిగా కూర్చుంది. హాల్లో సభ అయి ఉంటే చివరి వరుసలోంచి లేచి ఆ పద్యం చదివేదా? నాకైతే నమ్మకం లేదు.

ఉపన్యాసాలకైతే అవునా కాదా అని జవాబు వచ్చే ప్రశ్నలు కాకుండా ఇంట్లో దొరికేవి అడగండి. "మీ ఊళ్లో ఈ మాటను ఏమంటారు?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఆనపకాయ, సొరకాయ అంటూ శ్రీకాకుళం నుంచి అనంతపురం, ఆదిలాబాద్ దాకా చాట్ నిండిపోతుంది.

ప్రశ్న వేశాక నిశ్శబ్దం. మనం వేరే విషయానికి వెళ్లాక జవాబులు వస్తున్నాయి. ఎందుకు?

మీరు మాట్లాడింది వాళ్లకు వెంటనే చేరదు. యూట్యూబ్‌లో మామూలు అమరికతో పెడితే పదిహేను, ఇరవై సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆలస్యం. ఆపైన వాళ్లు ఆలోచించాలి, తెలుగులో కొట్టాలి. నిమిషం పడుతుంది.

లైవ్ అమరికలో ఆలస్యం తగ్గించే వీలుంది. తక్కువ ఆలస్యం ఎంచుకుంటే పది సెకన్ల లోపు, మరీ తక్కువది ఎంచుకుంటే ఐదు సెకన్ల లోపు వస్తుంది. మరీ తక్కువ ఆలస్యంతో నెట్ సరిగా లేని ఊళ్లలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది, కాబట్టి పద్య సభకు మధ్యదే మేలు. అన్నిటికంటే సులువైన మార్గం, ప్రశ్న వేసి వక్త చేత ఒక పద్యం చదివించడం. పద్యం పూర్తయ్యేసరికి జవాబులు వచ్చి ఉంటాయి.

పద్యం మొత్తం ఒక చాట్ మెసేజ్‌లో పట్టడం లేదు. నాలుగో పాదం తెగిపోతోంది. ఏం చేయాలి?

యూట్యూబ్ చాట్‌లో ఒక మెసేజ్‌కు 200 అక్షరాల హద్దు. ఉత్పలమాలకు పాదానికి 20 చొప్పున 80 అక్షరాలేగా అనుకుంటాం. యంత్రం లెక్క వేరు. గుణింతాన్నీ, పొల్లునూ, ఒత్తునూ విడివిడిగా లెక్కవేస్తుంది. "లక్ష్మి" మనకు రెండక్షరాలు, దానికి ఏడు. "సూర్యుడు" మూడు, దానికి ఎనిమిది. అందుకే సంయుక్తాక్షరాలు ఎక్కువున్న వృత్తం హద్దు దాటుతుంది. 64 మాత్రల కందం హాయిగా పడుతుంది.

వృత్తాలు రెండు పాదాలకో మెసేజ్‌గా పంపమని, మొదట్లో 1, 2 అని అంకె వేయమని ముందే చెప్పండి. లేకపోతే ఇద్దరి పద్యాల పాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎక్స్‌లో (పాత ట్విటర్) 280 ఉంటుంది కాబట్టి ఒక పద్యం ఇమిడిపోతుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తున్నారు. మా పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఆపాలా?

ఆపకండి. నిడదవోలులో ఫోన్ పట్టుకున్న పెద్దాయనకు, న్యూజెర్సీలో తెలుగు కీబోర్డు లేని ఆఫీసు కంప్యూటర్ ముందున్న అమ్మాయికి అదే దారి. ప్రశ్నను మోడరేటర్ తెలుగు లిపిలో తిరిగి రాసి సంచాలకుడికి ఇస్తే పెద్దల బాధా తీరుతుంది, అడిగినవారికీ గౌరవంగా ఉంటుంది. ఫోన్లో జీబోర్డు అనే కీబోర్డులో మాట చెబితే తెలుగులో రాసిపెట్టే వీలుందని సభ మొదట్లో ఒకసారి చెప్పండి. మా దగ్గర చాలామంది అలా మారారు. గద్దించి ఉంటే మారేవారు కారు, వెళ్లిపోయేవారు.

చాట్‌లోని ప్రశ్నలు ఎప్పుడు చదవాలి? చివర్లోనా, మధ్యలోనా?

మధ్యలో, ముందే అనుకున్న విరామాల దగ్గర. చివరికి దాచిపెడితే అడిగినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఆ సమయానికి వందన సమర్పణ తొందర. అవధానంలో ఆవృత్తానికీ ఆవృత్తానికీ మధ్య ఒక్క నిమిషం చాలు.

చదివేటప్పుడు పేరు తప్పకుండా పలకండి. అడిగినది పొడుగ్గా ఉంటే కుదించండి గానీ అర్థం మార్చకండి. ఒకే సందేహం నలుగురు అడిగితే నలుగురి పేర్లూ చదివి ఒకసారి జవాబు చెప్పించండి. పేర్లు చదవడానికి పది సెకన్లు పడుతుంది. ఆ నలుగురూ వచ్చే నెల మళ్లీ వస్తారు.

సభ మధ్యలో సౌండ్ పోతే మాకెలా తెలుస్తుంది?

చాట్ చెబుతుంది. జూమ్‌లో ఉన్నవాళ్లకు అన్నీ బాగానే వినిపిస్తుంటాయి, బయట ప్రసారంలో మాత్రం మాట రాకుండా పోయి ఉంటుంది. "వినపడటం లేదు" అని ఒకరు రాస్తే వాళ్ల ఫోనేమో అనుకోవచ్చు. ముగ్గురు రాస్తే వెంటనే ఆపండి. ఆపి సరిచేస్తున్నామని చాట్‌లో పిన్ చేయండి. కరెంటు పోయి ప్రసారమే తెగితే అదే లింకు కింద ఉండమని రాయండి. మాకు ఒకసారి పదకొండు నిమిషాలు తెగిపోయింది. ఆ పదకొండు నిమిషాలూ శ్రోతలు చాట్‌లో తమకు కంఠతా వచ్చిన పోతన పద్యాలు ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటూ కూర్చున్నారు. తిరిగి వచ్చి చూస్తే ఒక్కరూ కదల్లేదు.

## గొడవలు వచ్చినప్పుడు

కులం, పార్టీ, సినిమా హీరోల గొడవ మొదలైంది. ఏం చేయాలి?

మొదటి మెసేజ్ దగ్గరే ఆపాలి. పదోదాని దగ్గర ఆపలేరు. సభ మొదట్లోనే ఒక వాక్యం పిన్ చేయండి: ఈ రోజు విషయం మీదే మాట్లాడుకుందాం, మనుషుల మీద వద్దు. దాటినవారి మెసేజ్ తీసేసి, ఒకసారి పేరు పెట్టి మర్యాదగా చెప్పండి. రెండోసారి దాటితే ఆ ఖాతాను ఛానల్‌లో కనిపించకుండా చేయండి. వాదనకు దిగకండి, సంచాలకుడి చేత వేదిక మీద ప్రస్తావించనివ్వకండి.

అవధానంలో అప్రస్తుత ప్రసంగం ఒక అంగమే. దారి తప్పించే మాటకు కూడా మన పెద్దలు చోటిచ్చారు. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఆ పని ఒక్కరికే ఇచ్చారు, హద్దు తెలిసిన మనిషికి ఇచ్చారు. చాట్‌లో సరసమైన పక్కదారి మాటలు వస్తే ఉండనివ్వండి, సభకు ఉప్పులా పనిచేస్తాయి. మనసు నొప్పించేవి మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు. స్త్రీల మీద వచ్చే వెకిలి మాటలకు మర్యాదగా చెప్పిచూడడం కూడా అనవసరం, వెంటనే తీసేయాలి.

స్పామ్ లింకులు, ఒకటే మెసేజ్ పదిసార్లు పెట్టేవాళ్లు. ఎలా అడ్డుకోవాలి?

యూట్యూబ్ అమరికల్లో లింకులను ఆపే మీట ఉంది, వేయండి. స్లో మోడ్ పెడితే ఒక మనిషి వరసగా మెసేజ్‌లు పెట్టకుండా మీరు చెప్పినన్ని సెకన్లు ఆపుతుంది. నిషిద్ధ పదాల జాబితాలో తిట్లు తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు విధాలా చేర్చాలి. జూమ్ లింకును మాత్రం బహిరంగంగా ఎక్కడా పెట్టకండి. వక్తలకూ పృచ్ఛకులకూ మాత్రమే పంపి, వెయిటింగ్ రూమ్ పెట్టుకోండి.

వక్త చెప్పింది తప్పని ఒకరు చాట్‌లో రాశారు. తీసేయాలా?

తీసేయకూడదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది.

మా సభలోనే ఒక కవిగారు చదివిన పద్యంలో యతి తప్పిందని ఒక శ్రోత రాశాడు. ఆ రోజు నిర్వాహకుల్లో ఒకరు, పెద్దమనిషిని అవమానించినట్టవుతుందని ఆ మెసేజ్ తీసేయమన్నారు. నేను తీసేశాను. ఆ శ్రోత మళ్లీ రాలేదు. కవిగారికి తర్వాత తెలిసి, "ఎందుకు తీశారయ్యా, సరిదిద్దుకునేవాణ్ణి కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులో ఉంది.

తప్పు చూపించిన మెసేజ్‌ను పక్కన పెట్టి, వక్త తన ప్రసంగం పూర్తి చేశాక "ఒక మిత్రుడు ఇలా అడుగుతున్నారు" అని మృదువుగా వినిపించండి. మాట కటువుగా ఉంటే మీరు మెత్తబరిచి చదవండి. విషయం మాత్రం అలాగే ఉండాలి. తప్పు పట్టగలిగే శ్రోత ఉన్న సభ అదృష్టం చేసుకున్న సభ.

చాట్‌లో ఫోన్ నంబర్లు అడుగుతున్నారు, పెడుతున్నారు. పరవాలేదా?

పరవాలేదనుకోకండి. కనిపించగానే తీసేయండి. చాట్ సభ తర్వాత కూడా వీడియోతో పాటు నిలిచి ఉంటుంది, ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు. పుస్తకం కావాలన్నా, వక్తతో మాట్లాడాలన్నా సంస్థ ఈమెయిల్ ఒకటి ఇవ్వండి. అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చినా ప్రతివారి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. అడగకుండా చేర్చవద్దు.

## సభ ముగిశాక

చాట్ తర్వాత కూడా కనిపిస్తుందా?

యూట్యూబ్‌లో వీడియోతో పాటు చాట్ రీప్లే ఉంటుంది, ఆ నిమిషానికి ఎవరేం రాశారో అప్పుడే వస్తుంది. కానీ సభ మొదట్లో "హలో, వినబడుతోందా" అన్న ముక్క కోసేద్దామని యూట్యూబ్ ఎడిటర్‌లో వీడియో కత్తిరిస్తే చాట్ రీప్లే పోతుంది. అందుకే కత్తిరించకుండా, సభ అసలు మొదలైన నిమిషాన్ని వీడియో కింద వివరణలో రాస్తే సరి. కావలసిన పూరణలను ఆ రాత్రే కాపీ చేసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఆ చాట్‌తో తర్వాత ఏం చేయవచ్చు?

మేం మూడు పనులు చేస్తాం. సమయం చాలక వదిలేసిన ప్రశ్నలు వక్తకు పంపి, జవాబులు రాయించి వీడియో కింద వ్యాఖ్యగా పెడతాం. శ్రోతల పూరణలు ఏరి, రాసినవారిని అడిగి, వారి పేరుతో చిన్న సంచికగా కూరుస్తాం. అడగకుండా మాత్రం వేయం, చాట్‌లో రాసినా పద్యం రాసినవారిదే. మూడోది నాకు ఇష్టమైనది. ఊళ్ల వారీగా వచ్చిన మాటలు, సామెతలు, ఇంట్లో పాడుకునే పాటల ముక్కలు విడిగా ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఏ నిఘంటువులోనూ దొరకనివి వాటిలో ఉన్నాయి.

చాట్ బాగా జరిగిందని ఎలా తెలుస్తుంది? మెసేజ్‌ల సంఖ్యే కొలతా?

సంఖ్యతో తేలదు. నేను చూసుకునేవి: వక్త దాకా చేరిన ప్రశ్నలు ఎన్ని, వాటి వల్ల వక్త తాను అనుకోని మాట ఒక్కటైనా చెప్పారా, మొదటిసారి రాసిన పేర్లు ఎన్ని, పోయిన నెల రాసినవాళ్లు మళ్లీ వచ్చారా. ఇవి కాగితం మీద రాసుకుంటే చాలు. మూడు వందల మెసేజ్‌లు వచ్చి, ఒక్క ప్రశ్నా వక్తకు చేరని సభలు చేశాం. నలభై మెసేజ్‌లతో రెండు గంటలు వేడిగా నడిచిన సభలూ చేశాం.

ఇప్పుడు మళ్లీ హాల్లో సభలు జరుగుతున్నాయి కదా. ఇంకా చాట్ అవసరమా?

హాల్లో వందమంది వచ్చినా ప్రసారం ఆపకండి, చాట్ మూయకండి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనివాళ్లు, చంటిబిడ్డ తల్లులు, దూరదేశంలో ఉన్నవాళ్లు ఇన్నేళ్లూ దాని ద్వారానే సభకు వచ్చారు. హాలు దొరికిందని వాళ్లను వదిలేయడం భావ్యం కాదు.

వేదిక మీదే ఒక కుర్చీ, ఒక ల్యాప్‌టాప్ వేసి మోడరేటర్‌ను కూర్చోబెట్టండి, వెనక గదిలో కాదు. సంచాలకుడు హాల్లోంచి ఒక ప్రశ్న తీసుకుంటే, తర్వాతిది చాట్‌లోంచి తీసుకోవాలి. చాట్ ప్రశ్న చదివేటప్పుడు హాల్లో మైకులోనే చదవండి. అప్పుడే హాల్లోవాళ్లకూ బయట మనుషులున్నారని తెలుస్తుంది. హాల్లో చప్పట్లు పడ్డప్పుడు ఆ శబ్దం ప్రసారంలోకి వెళ్లేలా జనం వైపు ఒక మైకు తిప్పి పెట్టండి. పోయిన సభలో మేం అలా పెడితే, ఖమ్మంలో మంచం పట్టి ఉన్న ఒక తాతగారు చాట్‌లో రాశారు: "చప్పట్లు వినపడ్డాయి, నేనూ కొట్టాను."